సేంద్రియమా, కర్బనమా? యూరియా ఏ గూటిది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, తెలుగు మీడియం. కర్బన రసాయన శాస్త్రం పాఠంలో యూరియాను కర్బన సమ్మేళనం అన్నారట. వాళ్ల తాతయ్యేమో సేంద్రియ సాగు చేస్తున్నానంటూ యూరియాను గట్టు కూడా ఎక్కనివ్వరు. ఇంగ్లీషులో రెండింటికీ ఆర్గానిక్ అనే ఒక్క మాటే. తెలుగులో ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవేనండీ. తాతగారూ తప్పు కాదు, పాఠమూ తప్పు కాదు.

స + ఇంద్రియ, గుణసంధితో సేంద్రియ. ఇంద్రియాలు, అంటే అవయవాలు ఉన్నది, ప్రాణమున్నది అని. ఆర్గానిక్ అన్న మాట పుట్టుక కూడా ఇదే. 19వ శతాబ్దం మొదట్లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ప్రాణుల నుంచి వచ్చే పదార్థాలను వేరే గుంపుగా చూశాడు. వాటిని తయారుచేయాలంటే ఏదో ప్రాణశక్తి కావాలనీ, గాజు సీసాల్లో అయ్యే పని కాదనీ అప్పట్లో నమ్మేవారు.

1828లో ఆయన శిష్యుడే, జర్మన్ శాస్త్రవేత్త వోలర్, ఆ నమ్మకానికి గండి కొట్టాడు. అమోనియం సయనేట్‌ను వేడిచేస్తే అతనికి దక్కింది యూరియా, మూత్రంలో ఉండే అదే పదార్థం. కిడ్నీతో పని లేకుండా యూరియా చేశానని గురువుగారికి సంబరంగా ఉత్తరం కూడా రాశాడు. నమ్మకం ఆ ఒక్క దెబ్బకే పోలేదు. 1845లో కోల్బే ఎసిటిక్ ఆమ్లం తయారుచేశాక ఇంకా బలహీనపడింది. ప్రాణంతో ముడి తెగిపోయాక మిగిలింది కర్బనమే కాబట్టి కర్బన రసాయనం అన్నాం. ఇంగ్లీషువాళ్లు పాత పేరే ఉంచుకున్నారు. కన్నడంలోనూ పొలానికీ పాఠానికీ ‘సావయవ’ ఒక్కటే. హిందీలో మనలాగే రెండు: జైవిక్ సాగు, కార్బనిక్ రసాయనం. ఈ విషయంలో మన పిల్లలకే హాయి అని నా అభిప్రాయం.

ఇక తాతగారి యూరియా. ఫ్యాక్టరీలో అమోనియాను, బొగ్గుపులుసు వాయువును కలిపి చేస్తారు. అందుకే సేంద్రియ సాగులోకి రానివ్వరు. అణువులో మాత్రం ఒక కర్బనం, ఒక ఆక్సిజన్, రెండు నైట్రోజన్లు, నాలుగు హైడ్రోజన్లు. అమోనియం సయనేట్‌లోనూ లెక్క సరిగ్గా ఇంతే, అమరికే వేరు. అణుసాదృశ్యం అనే మాట దగ్గర పిల్లలు తడబడితే ఈ జంటనే చూపించండి. నిర్వచనం బట్టీ పట్టించడం కంటే నయం.

ఇంకొకరు: కర్బనం ఉంటే చాలంటే మరి చాకలి సోడా, సున్నపురాయి? వాటిలోనూ ఉందిగా?

జవాబు: మంచి పాయింటు. ‘కర్బన’ అన్న పేరుకున్న లొసుగు అదే. కార్బొనేట్లు, బొగ్గుపులుసు వాయువు లాంటివాటిని మామూలుగా అకర్బనంలోనే చెబుతారు. హైడ్రోకార్బన్లు, అంటే కర్బనం, హైడ్రోజన్ మాత్రమే ఉన్నవి, వాటి నుంచి వచ్చే ఉత్పన్నాలు అని పట్టుకుంటే ఇంటర్‌కు సరిపోతుంది. కోచింగుల్లో ‘కర్బనానికి హైడ్రోజన్ అంటుకుని ఉంటేనే ఆర్గానిక్’ అని షార్ట్‌కట్ చెబుతుంటారు. దాన్ని మాత్రం నమ్మకండి. యూరియాలో హైడ్రోజన్లు నాలుగూ నైట్రోజన్లకే అంటుకుని ఉంటాయి, కర్బనానికి ఒక్కటీ లేదు.

మరొకరు: మట్టి పరీక్ష కాగితంలో ‘సేంద్రియ కర్బనం’ అని ఉంటుంది. పైన చెప్పిన ప్రకారం అది గేటు దర్వాజా లాంటి మాటే కదా?

జవాబు: అక్కడ రెండు మాటలూ కావాలండీ. సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో తెల్లటి కంకర రాళ్లు ఏరితే దొరుకుతాయి. వాటిలోనూ కర్బనం ఉంది, కానీ అది పంటకు సత్తువ లెక్కలోకి రాదు. పేడ, ఆకు అలము, వేళ్లు కుళ్లి నేలలో కలిసినదాన్నే ఆ పరీక్షలో కొలుస్తారు. 0.5 శాతం కంటే తక్కువుంటే ‘తక్కువ’ అని రాస్తారు. ‘సేంద్రియ’ తీసేస్తే కంకర కూడా లెక్కలో కలిసిపోతుంది, రైతు తన నేల సారవంతమనుకుని ఆ ఏడు పశువుల ఎరువు తోలడం మానేస్తాడు.