118వ ర్యాంకు: మనం నిజంగా అంత దిగాలుగా ఉన్నామా?

గోదారిగట్టు:
ఏటా మార్చి 20 వచ్చిందంటే ఇదే తంతు. ప్రపంచ సంతోష నివేదిక అని ఒకటి విడుదలవుతుంది, మర్నాడు పేపర్లో మనకి చివాట్లు. 2025 నివేదికలో 147 దేశాలుంటే మనది 118. ఫిన్లాండ్ వరసగా ఎనిమిదోసారి ఫస్టు. నేపాల్ 92, పాకిస్తాన్ 109. ఐఎంఎఫ్ గడప దగ్గర చెయ్యి చాచి నిలబడే దేశం మనకన్నా సుఖంగా ఉందట! యుద్ధంలో ఉన్న ఇజ్రాయెల్‌ది 8వ స్థానం. ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నారు? మా వీధిలో పెళ్ళయినా చావైనా వందమంది వచ్చి నిలబడతారు. ఫిన్లాండ్‌లో పక్కింటాయన పేరైనా తెలుస్తుందా? తెల్లవాళ్ళు తమకి తామే వేసుకున్న మార్కులివి. కాదనేవాళ్ళు రండి.

లెక్కల_మాస్టారు:
మార్కులు వేసింది మనమేనండి. ర్యాంకు కోసం, సర్వేలు చేసే గాలప్ సంస్థవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే. ఒక నిచ్చెన ఊహించుకోండి, అడుగున 0, పైన 10. పైమెట్టు మీకు దొరకగలిగిన అన్నిటికన్నా మంచి బతుకు, అడుగుమెట్టు అన్నిటికన్నా చెడ్డది. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? మూడేళ్ళ జవాబుల సగటే ర్యాంకు. ఫిన్లాండ్‌కి 7.7 వచ్చింది, మనకి 4.4 దగ్గర. ఆదాయం, ఆయుర్దాయం, అవినీతి వగైరా ఆరు అంశాలు ఆ తేడా ఎందుకొచ్చిందో వివరించడానికే. ర్యాంకు లెక్కలోకి అవి రావు. ఇంకో సంగతి, ఆ ప్రశ్నలో ‘సంతోషం’ అన్న మాటే ఉండదు.

గోదారిగట్టు:
ఎంతమందిని అడుగుతారో కూడా చెప్పండి మాస్టారూ.

లెక్కల_మాస్టారు:
చాలా దేశాల్లో ఏడాదికి వెయ్యిమంది దాకా. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తినక్కర్లేదుగా, మెతుకు పట్టుకుంటే చాలు.

గోదారిగట్టు:
ఒకే కుండ అయితే మెతుకు చాలు. శ్రీకాకుళం కుండ వేరు, గుర్గావ్ కుండ వేరు. మీరు పట్టుకున్న మెతుకు ఏ కుండలోది?

లెక్కల_మాస్టారు:
అన్ని కుండల్లోంచీ తీస్తారు. శాంపిల్ అంటేనే అది. పదో తరగతి పిల్లలకి చెప్పినట్టు మళ్ళీ చెప్పమంటే చెప్తాను.

టీకొట్టు:
బండి మెతుకుల దగ్గర ఆగిపోయింది.

కొత్త_చింతపండు:
మనల్ని ఎవరైనా బాగున్నారా అంటే ‘ఏదో, మీ దయవల్ల’ అంటాం. ముక్కూమొహం తెలియనివాడు తలుపు కొట్టి అడిగితే ‘పదో మెట్టు మీదున్నా’ అని ఎవరంటారు? దిష్టి తగలదూ?

హెల్సింకి_చలి:
ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి రెండు ముక్కలు. డిసెంబరులో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. బస్టాపులో మనిషికీ మనిషికీ మధ్య ఇంకో ఇద్దరు పట్టేంత చోటు వదిలి నిలబడతారు. ఊరికే నవ్వరు. వీళ్ళు నంబర్ వన్ ఏంట్రా బాబూ అని మొదటి ఏడాదంతా అనుకున్నాను. పోయిన చలికాలం మా పాప ఎర్ర గ్లవ్ ఒకటి పార్కులో పడేసుకుంది. రెండు రోజుల తర్వాత అటు వెళ్తే, కంచె ఊచకి తొడిగి ఉంది, చెయ్యి ఊపుతున్నట్టు. ఎవరో మంచు దులిపి మరీ పెట్టారు. ఇక్కడ అది మామూలే. పాప పుట్టినప్పుడు తల్లికీ తండ్రికీ చెరో 160 రోజుల సెలవు ఉంది. మా ఆయన తన వాటా వాడుకుంటే ఆఫీసులో ఒక్కరూ జోకు వెయ్యలేదు. ఉద్యోగం పోతే ఎలా, జబ్బు చేస్తే ఎలా అన్న టెన్షన్ తక్కువ. ఎనిమిదో మెట్టు అన్నవాళ్ళు గంతులేస్తున్నారనుకోకండి. పడితే పట్టుకుంటారన్న ధీమా, అంతే.

గోదారిగట్టు:
పట్టుకునేవాళ్ళు మాకూ ఉన్నారమ్మా. మా నాన్నగారి బైపాస్‌కి మా మేనమామ పొలం తాకట్టు పెట్టాడు. ప్రభుత్వం కాదు, మేనమామ. దానికి మీ నివేదికలో గడి ఉందా?

లెక్కల_మాస్టారు:
ఉందండి. కష్టంలో ఆదుకునే మనిషి ఉన్నారా అని కూడా అడుగుతారు. మనవాళ్ళ జవాబులు అక్కడా గొప్పగా లేవు.

పసుపుకొమ్ము:
మేనమామ పొలం సరే అన్నా. ఆసుపత్రిలో రాత్రిళ్ళు కింద చాప వేసుకుని పడుకుంది ఎవరు?

గోదారిగట్టు:
మా ఆవిడా, మా చెల్లీ. అయితే?

పసుపుకొమ్ము:
ఏం లేదు. అడిగాను.

పాత_సభ్యుడు:
భూటాన్ గురించి ఎవరూ ఎత్తలేదేం? జీడీపీ కన్నా జనం సంతోషం ముఖ్యమని 1970ల్లోనే అన్న రాజు జిగ్మే సింగ్యే వాంగ్చుక్. 2008లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఇదే జాబితాలో 2019లో వాళ్ళకి 95వ స్థానం. కుర్రాళ్ళేమో ఆస్ట్రేలియా విమానం ఎక్కేస్తున్నారు. మన దగ్గరా మధ్యప్రదేశ్ 2016లో ఆనంద శాఖ పెట్టింది, 2018లో అమరావతిలో హ్యాపీ సిటీస్ సదస్సు జరిగింది. శాఖలు పెడితే వచ్చేది కాదు ఇది.

గోదారిగట్టు:
అదే నేనూ అంటున్నది! ఇది ఇంట్లోంచి రావాలి. నిన్న రాత్రి మా అమ్మనే అడిగాను ఆ నిచ్చెన ప్రశ్న. 78 ఏళ్ళు. అందరం భోంచేస్తున్నాం. ‘నాకేం లోటురా, పది’ అంది. ఫిన్లాండ్ కన్నా రెండు మెట్లు పైన. రాసుకోండి మాస్టారూ.

పసుపుకొమ్ము:
కొడుకు, కోడలు, మనవలు చుట్టూ కూర్చుని అడిగితే పది కాక ఏం చెప్తుంది? ఎనిమిదేళ్ళు మా అత్తమ్మ మంచం పక్కన ఉన్నాను. ఎవరడిగినా ‘బాగున్నాం’ అనే చెప్పాను. మా మరుదులు దసరాకి వచ్చి ‘వదినా, మన ఇల్లు స్వర్గం’ అని ఫొటో దిగి పోయేవాళ్ళు. ఆ స్వర్గంలో మూత్రం సంచి మార్చేది నేను. బీఈడీ సీటు వచ్చినా వదులుకుంది నేను. నన్ను ఎవరైనా నిచ్చెన అడిగి ఉంటే, గది తలుపు వేసి, రెండు అని చెప్పేదాన్ని. మీ ఉమ్మడి కుటుంబం సంతోషం అంతా ఒకరిద్దరి నడుం మీద నడుస్తుందన్నా.

గోదారిగట్టు:
చూడటం ఇష్టం లేనివాళ్ళు ఇలాగే మాట్లాడతారు. మా తమ్ముడు పదమూడేళ్ళుగా పైదేశంలో ఉన్నాడు. ఆదివారం ఆదివారం వీడియోలో ‘అన్నయ్యా, ఇక్కడి సిస్టమ్ చూడాలి’ అంటాడు. అమ్మకి తుంటి విరిగితే డబ్బు వచ్చింది, మనిషి రాలేదు. ఆపరేషన్ రోజు ఫారాల మీద సంతకాలన్నీ నావే. నాకు హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ వద్దన్నాను. వాళ్ళు ఎనిమిదో మెట్టు ఎక్కారంటే, కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది నేను! ఇప్పుడొచ్చి గ్లవ్‌ల కథలు చెప్తున్నారు.

హెల్సింకి_చలి:
మీ తమ్ముడి మీద కోపం నా మీద చూపిస్తే ఎలాగండి? నాకూ విజయనగరంలో అమ్మ ఉంది. ఫోన్ రాత్రి పదకొండు దాటాక మోగితే నా గుండె ఎలా కొట్టుకుంటుందో మీకు తెలియదు.

పసుపుకొమ్ము:
నిచ్చెన పట్టుకున్నది మీరా అన్నా, మీ ఆవిడా?

నిర్వాహకుడు:
వ్యక్తిగతంగా వెళ్ళకండి. ఇంకొకటి ఇలాంటిది పడితే తాళం వేస్తాను.

టీకొట్టు:
అప్పుడే వద్దు సార్, ఇప్పుడే అసలు విషయంలోకి వచ్చారు.

గోదారిగట్టు:
రెండు రోజులు రాయకూడదనుకున్నాను. కానీ ఒకరు అన్న మాట బుర్రలో ఉండిపోయింది. ఈ పొద్దున అమ్మ వసారాలో గోరుచిక్కుడు నారలు తీస్తోంది. ఇంట్లో ఎవరూ లేరు. మళ్ళీ అడిగాను. చేతిలో కాయ అలాగే పట్టుకుని ‘ఎవరి నిచ్చెన? నాదా, ఇంటిదా?’ అంది. రెండూ ఒకటి కాదా అన్నాను. నవ్వి, నార తీసి పళ్ళెంలో వేసింది. కాబట్టి తేలిందేమిటంటే, మన మనుషులకి ఇలాంటి ప్రశ్న పనికిరాదు. మా అమ్మకి తను వేరు, ఇల్లు వేరు కాదు.

పసుపుకొమ్ము:
వేరు కాకపోతే ‘నాదా, ఇంటిదా’ అని ఎందుకు అడుగుతుంది? రెండున్నాయని ఆమెకి తెలుసు.

గోదారిగట్టు:
మీరు మా అమ్మని చూడలేదు.

పసుపుకొమ్ము:
చూడలేదు. ఇంటిది పది అని చెప్పేసింది కదా, ఆ రెండోది అడగండి.

లెక్కల_మాస్టారు:
అంకె చెప్పనివాళ్ళని సగటులో కలపరండి.