మెడికల్ షాపులో ఫ్లూ టీకా: ఫ్రిజ్, డాక్టరు, ఆర్డరు సంగతులు

ఆదోని మెడికల్స్:
అందరికీ నమస్కారం. ఆదోనిలో రిటైల్ మెడికల్ షాపు. మామూలు మందులకు, టీకాల్లాంటి వాటికి కావలసిన 20, 21 ఫారాల లైసెన్సులు రెండూ ఉన్నాయి. ఫ్లూ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు. కాబట్టి ఎవరికైనా కావాలంటే డాక్టరు చీటీ రాయాలి, షాపువాళ్ళు కర్నూలు నుంచి తెప్పించాలి, కొన్నవాళ్ళు దాన్ని క్యారీబ్యాగులో వేసుకుని మళ్ళీ క్లినిక్‌కు పోవాలి. ముసలివాళ్ళు, ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్ళు ఈ తిరుగుడు పడలేక మానేస్తున్నారు. ఇంగ్లండులో 2015 నుంచి మందుల షాపుల్లో ఫార్మసిస్టులే ఈ టీకా వేస్తున్నారు. మన దగ్గర షాపు నుంచే ఈ ఏర్పాటు ఎంతవరకు కుదురుతుంది? ఎలాంటి ఫ్రిజ్ కావాలి? ఏ నెలలో, ఎన్ని డోసులు తెప్పించాలి?

అనంతపురం ఫార్మసిస్టు:
అన్నా, సూది సంగతి ముందు. మన దేశంలో ఫార్మసిస్టు సొంతంగా టీకా వేయడానికి చట్టంలో అనుమతి లేదు. ఆ అనుమతి రావాలి, శిక్షణ పెట్టి ఇవ్వాలి. అంతవరకు కౌంటరు వెనక ఎవరూ సూది పట్టుకోకూడదు. కానీ సూది తప్ప మిగతా పనంతా షాపుదే: టీకా చెడిపోకుండా ఉంచడం, చీటీ చూసి ఇవ్వడం, ఎవరికి అవసరమో చెప్పడం, రికార్డు రాయడం, వచ్చే ఏడు గుర్తుచేయడం.

కుదిరే పద్ధతి ఏమంటే, మీకు నాలుగడుగుల దూరంలో రిజిస్ట్రేషన్ ఉన్న క్లినిక్ ఒకటి చూసుకోండి. వారంలో ఒక రోజు, ఒక పూట టీకాకు అని డాక్టరుతో మాట్లాడుకోండి. చీటీ ఉన్నవాళ్ళ పేర్లు ముందే రాసుకోండి. ఆ పూట మనిషి కుర్చీలో కూర్చున్నాకే టీకా ఫ్రిజ్‌లోంచి బయటికి రావాలి. దాన్ని మీ మనిషే చిన్న వ్యాక్సిన్ క్యారియర్‌లో (ఐస్‌ప్యాకులు పెట్టి చల్లగా ఉంచే డబ్బా) తీసుకుపోవాలి, కొన్నవాళ్ళ చేతికి ఇవ్వకూడదు. ఈ ఒక్కటి మారితే సగం నష్టం తగ్గుతుంది. షాపు లోపలే మంచం వేసి డాక్టరును కూర్చోబెడదామనుకుంటే మాత్రం ముందు డ్రగ్ ఇన్‌స్పెక్టరును అడగండి. లైసెన్సు ఇచ్చిన స్థలం ప్లాను ఒకటి ఉంటుంది, దాన్ని మార్చితే ఇబ్బంది.

ఆర్డరుకు తొందరపడొద్దు. మనకు ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి పెరుగుతుంది. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి మే నెలాఖరు, జూన్ మొదటి వారం మంచి సమయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు టీకాలో ఏ వైరస్ రకాలుండాలో చెబుతుంది, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి. పెట్టె మీద ఏ ఏడాది, ఏ గోళం అని ఉందో చూసి కొత్తదే తీసుకోండి. ఎక్స్‌పైరీ ఇంకా రెండు నెలలుంది కదా అని పోయిన సీజన్ సరుకు తక్కువకు అంటగడతారు, వద్దు. మొదటిసారి చీటీలు ఎన్ని ఉన్నాయో అన్నే, పైన రెండో మూడో. ఫ్రిజ్ సరుకును స్టాకిస్టులు మామూలుగా వెనక్కి తీసుకోరు.

కడప కోల్డ్‌చైన్:
ఫ్రిజ్ గురించి నేను రాస్తాను. ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. కర్నూలు ఎండ చూసి అందరూ వేడికే భయపడతారు గానీ, షాపుల్లో టీకా ఎక్కువగా పాడయ్యేది గడ్డకట్టి. పైన ఫ్రీజర్ ఉండే సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో చల్లగాలి నేరుగా కిందికి దిగుతుంది, పై అరలో పెట్టిన పెట్టె రాత్రి సున్నాకు పోతుంది. పొద్దున తలుపు తీసేసరికి మళ్ళీ 5 చూపిస్తుంది, ఎవరికీ తెలియదు. ఊపి చూసి టీకా గడ్డకట్టిందో లేదో తెలుసుకునే షేక్ టెస్టు కూడా ఫ్లూ టీకాకు పనికిరాదు. ఆ పరీక్ష అల్యూమినియం ఉప్పు కలిసిన టీకాలకే, మన దగ్గర దొరికే మామూలు ఫ్లూ టీకాలో అది ఉండదు. గడ్డకట్టి కరిగినది కంటికి మామూలుగానే కనిపిస్తుంది. కాబట్టి కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటరు తప్పనిసరి. దాని మొన టీకా పెట్టెల మధ్య ఉండాలి, తలుపు దగ్గర కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పుస్తకంలో రాసి, రాశాక రీసెట్ నొక్కాలి. రీసెట్ మరిచిపోతే నిన్నటి అంకెనే ఇవాళ్టిదనుకుంటారు.

మందులకు తయారుచేసిన ఫ్రిజ్ కొనగలిగితే కొనండి. లేకపోతే డబుల్ డోర్ ఫ్రాస్ట్‌ఫ్రీ (లోపల మంచు పేరుకోనిది), మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా. కూల్‌డ్రింకుల గాజు తలుపు ఫ్రిజ్ వద్దు. కింది ట్రేలో, తలుపులో నీళ్ళ సీసాలు నింపండి, కరెంటు పోతే చల్లదనం నిలుస్తుంది. స్టెబిలైజరు వేరుగా, ప్లగ్గు మీద "ఆపొద్దు" అని కాగితం. పెరుగు, టిఫిన్ బాక్సు అందులో పెట్టొద్దు, మాటిమాటికీ తలుపు తీస్తారు.

కర్నూలు నుంచి తెచ్చేటప్పుడు ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాకును అలాగే క్యారియర్‌లో పెట్టకండి. బయట పెట్టి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వచ్చాకే పెట్టాలి. బాక్సు చేతికి అందగానే థర్మామీటరు చూడండి, లోపల 2 నుంచి 8 మధ్య లేకపోతే సరుకు తీసుకోవద్దు.

ఆదోని మెడికల్స్:
చాలా ఉపయోగం సార్. రాత్రి కరెంటు పోయి, పొద్దున చూస్తే గరిష్ఠం 11 చూపిస్తే?

కడప కోల్డ్‌చైన్:
పారేయొద్దు, అమ్మొద్దు. "వాడకూడదు" అని చీటీ అంటించి చల్లటి చోటే విడిగా పెట్టండి. ఎంత పైకి పోయింది, ఎన్ని గంటలు, బ్యాచ్ నంబరు రాసి కంపెనీకి ఫోన్ చేయండి, వాళ్ళు రాతపూర్వకంగా చెప్పాకే తేల్చండి. సున్నాకు పోయి ఉంటే మాత్రం అడగాల్సింది లేదు, ఆ సరుకు పోయినట్టే.

కర్నూలు డాక్టరు:
డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఇవి ఖాయం చేసుకోండి. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు మొదటిసారి వేస్తే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు, కాబట్టి రెండో డోసు కూడా ఆర్డరులో ఉండాలి. పెద్దలకు ఏటా ఒకటి, 0.5 మిల్లీలీటరు, భుజం కండలో. భుజం ఎముక కొస నుంచి రెండు మూడు వేళ్ళ కిందికి దించి వేయాలి. పైకి వేస్తే కీలులోకి దిగి నెలల తరబడి చెయ్యి లేవదు, చొక్కా చెయ్యి పూర్తిగా విప్పించకుండా మెడ దగ్గర పక్కకు లాగి వేస్తే జరిగేది ఇదే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు సన్న సూది వేసి, రుద్దకుండా రెండు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. గర్భిణులకు ఏ నెలలోనైనా వేయొచ్చు. జ్వరం బాగా ఉంటే వాయిదా.

వేశాక అరగంట కూర్చోబెట్టండి. తీవ్రమైన అలర్జీ వస్తే వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఆంపూళ్ళు దగ్గర ఉండాలి, ఎక్స్‌పైరీ చూసి. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం కనిపిస్తే పెద్దవాళ్ళకు అడ్రినలిన్ 0.5 మిల్లీలీటరు తొడ బయటివైపు కండలో వెంటనే, పడుకోబెట్టి కాళ్ళు పైకి, 108కి ఫోన్. తగ్గకపోతే అయిదు నిమిషాలకు మళ్ళీ. అలర్జీకి వేసే అవిల్, స్టెరాయిడ్ డెక్సా దానికి బదులు కావు, చాలా చోట్ల అవి ముందు వేసి సమయం పోగొడుతున్నారు. ఏ దుష్ప్రభావమైనా 1800-180-3024కి తెలపొచ్చు, షాపువాళ్ళు కూడా.

వాడిన సూదికి మూత మళ్ళీ పెట్టొద్దు, సూది గుచ్చుకుని బయటికి రాని తెల్ల డబ్బాలోకి నేరుగా వేయండి. దూది పసుపు సంచిలోకి. ఆ చెత్త ఎవరికి అప్పగిస్తారో క్లినిక్‌ను ముందే అడగండి, మీ షాపు చెత్తబుట్టలోకి రాకూడదు.

ఇంకోటి. బేతంచెర్ల వైపు, అటు తాడిపత్రిలోనూ బండల పాలిష్ మిల్లుల్లో రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళుంటారు. ఇన్‌హేలరు, దగ్గుమందు కోసం నెలనెలా మందుల షాపు కౌంటరుకే వస్తారు. టీకా సంగతి వాళ్ళకు మొదట చెప్పండి. "వేసుకుంటే ఫ్లూ వస్తుందంట కదా" అంటారు. ఇందులో ఉండేది చంపేసిన వైరస్ ముక్కలు, దానివల్ల ఫ్లూ రాదు, ఒకట్రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్ళు వెచ్చబడటం ఉండొచ్చని ముందే చెబితే తర్వాత కోపగించుకోరు. ఆ రోజు రిజిస్టరులో పేరు, వయసు, ఫోన్, బ్యాచ్ నంబరు, ఏ చేతికి, ఎవరు వేశారు అని రాసి, అదే చిన్న కార్డు మీద రాసి వాళ్ళకూ ఇవ్వండి.