ఉపవాస ప్రార్థనకు మగవాళ్ళు ఎందుకు రారు?

భీమవరం తమ్ముడు:
అందరికీ వందనాలు. మొన్న శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మా సంఘంలో నలభై మంది దాకా వచ్చారు. మగవాళ్ళం ముగ్గురమే, అందులో ఒకరు పాస్టర్ గారు. మిగతావాళ్ళు భార్యల్ని గేటు దగ్గర బండి దించి వెళ్ళిపోయారు. మగవాళ్ళకి విడిగా కూడిక పెట్టాలంటున్నాను. మీరేమంటారు?

ఉండి రైతు:
తమ్ముడూ, నాది రెండెకరాల వనామీ రొయ్యల చెరువు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోయినప్పుడు వెంటనే జనరేటర్ వేసి, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు తిప్పకపోతే పంట మొత్తం పోతుంది. రాత్రంతా గట్టు మీద ఉన్నవాడు పగలు ప్రార్థనకు రాలేదని భక్తి లేదంటే ఎలా? మా ఆవిడ నా కోసం కూడా ప్రార్థన చేస్తుంది.

పాలకొల్లు అక్క:
అన్నయ్యా, చెరువు కష్టం నాకు తెలుసు, మా ఆయనదీ అదే పని. నా బాధంతా మీ చివరి మాట మీదే. "నా కోసం కూడా చెయ్యి" అని మా ఆయనా పదేళ్ళు అన్నారు. పదో తరగతిలో ఉండగా మా పిల్లాడు "నాన్నకి అక్కర్లేనిది నాకెందుకమ్మా" అన్నాడు. ఏం చెప్పను?

హవ్వ పండు తిందని అందరూ అంటారు. ఆదికాండం 3:6 చూడండి, తనతోపాటు ఉన్న భర్తకు ఇచ్చిందని ఉంది. ఆదాము పక్కనే ఉండి నోరు మెదపలేదు. దేవుడు అడిగితే భార్య మీదికి తోసేశాడు.

ఇప్పుడు మా ఆయన చెరువు నుంచి ఏడింటికి వస్తారు, లుంగీకి బురదతో. వాకిట్లో కాళ్ళు కడుక్కుని, పిల్లాడు బస్సెక్కేలోపు ఒక కీర్తన తడుముకుంటూ చదువుతారు. ఐదు నిమిషాలే. ఏ కూడికలో చెప్పినా రాని మార్పు కొడుకు మాటతో వచ్చింది.

నర్సాపురం పెద్దాయన:
నేను బ్రదరన్ అనే క్రైస్తవ సహవాసంలో పెరిగాను. 1830ల్లో ఇంగ్లండు మిషనరీలు బౌడెన్, బీర్ గార్లు మా ఊరు వచ్చినప్పుడు వాళ్ళకు ఏ మిషన్ సొసైటీ జీతమూ లేదు. నా చిన్నప్పుడు మా సంఘంలోనూ జీతం తీసుకునే పాస్టర్ లేరు. రొట్టె విరిచే ఆరాధనలో ప్రార్థన చెయ్యడానికి రైతు లేచేవాడు, టైలర్ లేచేవాడు, బడిపంతులు లేచేవాడు. వెనక బెంచీలో దాక్కోవడానికి వీలుండేది కాదు. ఇప్పుడు చాలాచోట్ల అన్నీ పాస్టర్ గారి మీద వదిలేసి, కానుక వేస్తే మన పని అయిపోయిందనుకుంటున్నాం. మాలో స్త్రీలకు నోరు తెరిచే వీలివ్వలేదు, అది మా లోటే, ఒప్పుకుంటాను. ఇప్పుడు వాళ్ళ చేతిలో మైకు లాక్కోమనడం లేదు.

భీమవరం తమ్ముడు:
కూడిక కావాలనే ఇప్పటికీ అంటాను. కానీ శుక్రవారం పగలు వద్దు. ఉండి అన్నా, మీ చెరువు షెడ్డులో పెట్టుకుందామా?

పాలకొల్లు అక్క:
పెట్టుకోండి తమ్ముడూ. కానీ ఇంట్లో ఆ ఐదు నిమిషాలకు అది బదులు కాదు.

ఉండి రైతు:
శనివారం రాత్రి తొమ్మిదికి రండి, మేత వేసేశాక గంట ఖాళీ. మోటార్ల హోరులో పాట వినపడదు, వాక్యం చదువుకుందాం. చెల్లెమ్మా, రేపు పొద్దున్న మా ఇంట్లో నేనే చదువుతాను. చిన్న కీర్తన ఏదైనా ఉంటే చెప్పు.