అరకు లైను స్టేషన్ల నుంచి నడక: గైడ్ తప్పనిసరి చేయాలా, వద్దా?

గోస్తనీ_గట్టు
విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజరెక్కి, బొర్రాలోనో శిమిలిగుడలోనో దిగి, ఊళ్ళ మీదుగా మూడు నాలుగు గంటలు నడిచి సాయంత్రం బండికి తిరిగొచ్చేద్దామని, నెలకో ఆదివారం ఇలా పెట్టుకుందామని మా ఆఫీసులో పదిమందిమి అనుకున్నాం. 2017లో అద్దాల బోగీ వచ్చాక అందరూ సొరంగం రాగానే ఈలలేసి, వీడియో తీసి, అరకులో కాఫీ తాగి వచ్చేస్తున్నారు. మధ్యలో దిగి నడిచేవాళ్ళు తక్కువ. గొడవంతా గైడ్ దగ్గరొచ్చింది. ప్రతి నడకకీ ఆ ఊరి మనిషిని డబ్బిచ్చి పెట్టుకోవాలి, అది రూలుగా ఉండాలి అని నేను. ఫోన్లో మ్యాపుండగా కొండెక్కడానికి టికెట్టా అని మా కొలీగు. మీరేమంటారు?

ఒంటరి_బాటసారి
మీ కొలీగుకే నా ఓటు. ఈ లైన్లో పదిసార్లయినా దిగి నడిచాను, ఒక్కసారీ దారి తప్పలేదు. గైడుంటే వాడి స్పీడులో నడవాలి, వాడు చూపించిందే చూడాలి. చివరికి తీసుకెళ్ళి వాళ్ళ బావమరిది బొంగు చికెన్ కొట్టు ముందు నిలబెడతాడు. కావాలన్నవాళ్ళు పెట్టుకోండి, నేనొద్దనట్లేదు. తప్పనిసరి అన్న మాటే నాకు నచ్చదు.

గ్యాంగు_తాతయ్య
బాబూ, నేను ట్రాక్ గ్యాంగులో చేసి రిటైరయ్యాను. ఒంటరి గారూ, పదిసార్లు తప్పిపోలేదన్నారు, పట్టాల వెంట నడిచారా ఏమిటి? ఎవరూ మనసులో పెట్టుకోకండి, చాలామంది "రైల్వే ట్రెక్" అంటే అదే అనుకుంటున్నారు. ఈ లైను 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి వేసింది, మనం కొండలు చూడ్డానికి కాదు. ఖనిజం లోడు దిగువకి వస్తుంటే, కరెంటు ఇంజను కదా, వంపు దాటి మీదకొచ్చేదాకా చప్పుడు తెలీదు. సొరంగంలో గోడకి తొలిచిన గూళ్ళుంటాయి, బండొస్తే మేం అందులోకి దూరి గోడకి అంటుకుపోయేవాళ్ళం. బండి వెళ్ళాక నోట్లో ఇనప పొడి రుచి. అలవాటున్న మాకే కాళ్ళు వణికేవి. ఇంకోటి, రైల్వే చట్టం 147 సెక్షన్ కింద పట్టాల మీద తిరిగితే ఆర్నెల్ల దాకా జైలు, వెయ్యి దాకా జరిమానా. 2023 వానల్లో గోవా వైపు దూద్‌సాగర్ జలపాతం చూడ్డానికి పట్టాలమ్మట పోయినవాళ్ళ చేత గుంజీళ్ళు తీయించిన వీడియో మీరంతా చూసే ఉంటారు.

ఒంటరి_బాటసారి
తాతయ్య గారూ, ఒకట్రెండు చోట్ల కొంచెం దూరం పట్టాలే నడిచాను, ఒప్పుకుంటున్నాను. సొరంగంలోకి మాత్రం వెళ్ళలేదు.

లీడ్స్_లక్ష్మి
నేనుండేది ఇంగ్లండులో. ఇక్కడ సెటిల్ నుంచి కార్లైల్ దాకా ఓ పాత లైనుంది, మూసేస్తామంటే జనం గట్టిగా అడ్డుపడి 1989లో నిలబెట్టుకున్నారు. రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల వంతెన ఉంటుంది, దాని కోసమే చాలామంది వస్తారు. ఈ లైను స్టేషన్ల నుంచి వాలంటీర్లు నడకలు నడిపిస్తారు, రైలు టికెట్టు తప్ప పైసా ఇవ్వక్కర్లేదు. బండి దిగినవాళ్ళు స్టేషన్ బయట గుమిగూడతారు, ఓ పెద్దాయన తలలు లెక్కపెట్టుకుని ముందు నడుస్తాడు, వెనక ఇంకొకరుంటారు. తిరుగు బండి టైముకి లెక్కగా తెచ్చి వదులుతారు. కాబట్టి గైడ్ అంటే డబ్బే అనుకోవద్దు. (డెంట్ స్టేషన్ దగ్గర ఇంగ్లండు మెయిన్ లైన్లలో ఇదే ఎత్తైనదని గొప్పగా చెబుతారు, 350 మీటర్లు. మన శిమిలిగుడ 996. నవ్వొచ్చింది.)

చోడి_అంబలి
లక్ష్మక్కా, అక్కడ పొలాల మధ్య కాలిబాట మీద ఎవరైనా నడవొచ్చని చట్టముందట కదా. ఇక్కడ మీరు దారి అనుకునేది మా చేను గట్టు. మాది అనంతగిరి వైపు. నవంబరు, డిసెంబరులో వలిసె పూస్తే కొండ వాలంతా పసుపచ్చగా ఉంటుంది, మీకందరికీ తెలుసు. కిందటేడు ఒక బ్యాచి దిగింది, పెళ్ళి ఫోటోల వాళ్ళట. చేను మధ్యలోకి పోయి పడుకుని, దొర్లి, డ్రోను ఎగరేసి పోయారు. తర్వాత చూస్తే మనిషి ఆకారంలో మొక్కలు నేలకి పడిపోయి ఉన్నాయి. అవి మాకు పూలు కావు, నూనె గింజలు. మా అమ్మ ఏమీ అనలేదు, ఒక్కో మొక్క లేపి నిలబెట్టడానికి చూసింది, నిలబడలేదు. అప్పట్నుంచి చేను దగ్గర కర్ర కట్టి ఫోటోకి పది రూపాయలు అడుగుతున్నాం. దానికి "దోచుకుంటున్నారు" అని మీవాళ్ళే వీడియో పెట్టారు.

గైడ్ అంటే దారి చూపించేవాడని మీరంతా అనుకుంటున్నారు. ఎక్కడ నడవకూడదో చెప్పేవాడు కావాలి మాకు.

సింహాచలం_కోడలు
కరెక్ట్ తమ్ముడూ. మేం ఒకసారి సిటీ నుంచి నడిపే బ్యాచితో వెళ్ళాం, పేరు చెప్పను. మనిషికి పన్నెండొందలు కట్టాం. వాళ్ళ గైడ్ కుర్రాడిదీ సిటీయే, ఊళ్ళో మాట్లాడే భాష రాదు, దారి అడగబోతే వాళ్ళు కొండ అవతలికి చెయ్యి చూపించారు, వీడు ఇవతలికి తీసుకెళ్ళాడు. వాన. జలగలు. సాయంత్రం బండి మా కళ్ళముందే వెళ్ళిపోయింది. తర్వాత జీపు మాట్లాడుకుని ఎస్.కోట దాకా వచ్చాం, అది మళ్ళీ మా ఖర్చే. గైడ్ తప్పనిసరి అంటే ఇలాంటివాడు కూడా లెక్కలోకొస్తాడా?

ఒంటరి_బాటసారి
అదే నేనూ అడిగేది. రూలు పెట్టగానే సిటీ కంపెనీ ఓ ఐడీ కార్డు అచ్చేసుకుని దిగుతుంది, డబ్బు వాళ్ళకే పోతుంది. చోడి అంబలి చెప్పింది విన్నాక పొలాల దగ్గర ఊరి మనిషి ఉండాలన్నది ఒప్పుకుంటాను. తారు రోడ్డమ్మట నడిచేవాడికి కూడా ఎందుకో మాత్రం నాకింకా అర్థం కాలేదు.

చోడి_అంబలి
రోడ్డు మీద నడుచుకోండన్నా, రోడ్డు గవర్నమెంటుది. గట్టు ఎక్కితే మాత్రం ఊళ్ళో అడగండి. ఏజెన్సీలో గ్రామసభ మాటకి విలువుండాలని 1996 నుంచి పెసా చట్టముంది, కాగితం మీదే ఎక్కువనుకోండి. ఎవరు తీసుకెళ్ళాలి, ఎంతివ్వాలి, ఏ నెలలో రావద్దు అన్నది ఊరు కూర్చుని చెప్పాలి. మీ ఆఫీసు కాదు, సిటీ కంపెనీ కాదు. విత్తులప్పుడు వస్తే గైడుగా రావడానికి మాకే తీరిక ఉండదు.

గోస్తనీ_గట్టు
తమ్ముడూ, రూలు అని మొదలెట్టింది నేనే, ఊళ్ళో అడగాలన్న సంగతి నాకు తట్టలేదు. వచ్చే శనివారం నేనూ మా కొలీగూ ఇద్దరమే బొర్రాలో దిగుతాం. ఎవరితో మాట్లాడాలో మెసేజి పెట్టు. వలిసె కోత అయ్యేదాకా నడక పెట్టం. తాతయ్య గారూ, తిరుగు బండి లేటయితే స్టేషన్లో పదిమంది కూర్చోడానికి నీడ ఉంటుందా?

గ్యాంగు_తాతయ్య
నీడకేం కొదవ లేదు. కోతులున్నాయి, టిఫిను డబ్బా మూత తియ్యకండి.