కొబ్బరి పొట్టులో కాల్చిన ఊక కలపవచ్చా?

మా విజయవాడ మేడ మీద 12 అంగుళాల కుండీలు 6 ఉన్నాయి, అన్నీ వంగ, మిరపే. బరువుకు భయపడి మట్టి మానేసి, కొబ్బరి పొట్టు ఇటుకలు తెచ్చి, ఉప్పు పోయేలా మూడుసార్లు కడిగి నింపాను. రోజూ పొద్దున మగ్గుతో నీళ్లు పోస్తాను. పైన పొడిగానే కనిపిస్తుంది, వేలు రెండు కణుపులు దించితే తడిముద్ద. అది తెలియక పోస్తూనే ఉన్నాను, రెండు వంగ మొక్కలు వేరు కుళ్లి పోయాయి. తప్పు నాదే.

వేళ్లకు గాలి ఆడటానికి పెర్లైట్ (వేడికి పొంగించిన తేలికైన తెల్లని రాతి గుళికలు) కలపమన్నారు కానీ ధర వింటే గుండె గుభేలుమంది. వర్మిక్యులైట్ (అలాగే వేడికి పొంగించిన మరో ఖనిజం) తేమను ఇంకా పట్టి ఉంచుతుంది, నాకు వద్దు. రైస్ మిల్లులో కాల్చిన ఊక చవకగా దొరుకుతోంది. పెర్లైట్ బదులు అది సరిపోతుందా? ఎన్ని పాళ్లు కలపాలి? మే ఎండల్లో మధ్యాహ్నానికే మొక్క వాడిపోకుండా చేతితో నీళ్లు పోసేవారు ఏ మిశ్రమం వాడుతున్నారో చెప్పండి.