జర్మనీ ధరల పెరుగుదల 8.7 శాతం పక్కన బ్రిటన్‌కి ఏ అంకె పెట్టాలి?

యూరప్ దేశాల ధరల పెరుగుదలని ఒకే గ్రాఫ్‌లో పెడుతూ 2022 సగటు దగ్గర ఇరుక్కుపోయాను. జర్మనీ సొంత సూచీలో 6.9 శాతం ఉంది, యూరోస్టాట్ (ఈయూ గణాంకాల సంస్థ) అన్ని దేశాలకూ ఒకే పద్ధతిలో ఇచ్చే హెచ్ఐసీపీ అనే ధరల సూచీలో మాత్రం 8.7. ఫ్రాన్స్‌కీ ఇదే తంతు, సొంత సూచీలో 5.2, హెచ్ఐసీపీలో 5.9. సొంతింట్లో ఉండేవాళ్ల ఇంటి ఖర్చు హెచ్ఐసీపీలోకి రాదని తెలిశాక అన్ని దేశాలకూ అదే తీసుకున్నా. కానీ బ్రిటన్ లెక్క యూరోస్టాట్‌లో 2020తో ఆగిపోయింది. అన్నిటినీ 2015 ధరలు 100 అనుకునే లెక్కకి మార్చి చూసినా ఆ గీత మధ్యలోనే తెగిపోతోంది. బ్రిటన్ వాళ్లేమో సీపీఐ (వినియోగదారుల ధరల సూచీ) 9.1 అనీ, సొంతింటి ఖర్చు కలిపిన సీపీఐహెచ్ 7.9 అనీ రెండు ఇస్తున్నారు. జర్మనీ 8.7తో పోల్చాలంటే వీటిలో ఏది వాడాలి?