ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారాక ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం తెలుగు పడటం లేదు

రాజాంలో మా నెట్ సెంటర్ సిస్టమ్: 4 జీబీ ర్యామ్, ఉబుంటు 22.04. ఉబుంటుతో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, స్వాప్‌లోకి (ర్యామ్ నిండితే వాడే డిస్క్ భాగం) పోయి నత్తనడక. అందుకే తేలికపాటి డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ప్యాకేజీ వేసి, లాగిన్ తెర మీద గేర్ గుర్తు నొక్కి ఆ సెషన్‌కి మారాను. గ్నోమ్ తీసేయలేదు, డిస్‌ప్లే మేనేజర్ (లాగిన్ తెర చూపేది) జీడీఎం3నే ఉంది. వేగానికి వంక పెట్టక్కర్లేదు.

చిక్కల్లా తెలుగు టైపింగ్‌తోనే. వాడేది ఐబస్ (ఇన్‌పుట్ సాఫ్ట్‌వేర్), దానికి భాషల కీమ్యాప్‌లిచ్చే ఎం17ఎన్, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి. మౌస్‌ప్యాడ్, లిబ్రేఆఫీస్‌లలో 'అమ్మ' చక్కగా పడుతోంది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం ప్యానెల్ గుర్తు తెలుగుకి మారినా, కొట్టిన ఇంగ్లిష్ అక్షరాలే వస్తున్నాయి. అదే యూజర్‌తో గ్నోమ్ ఆన్ ఎక్స్‌ఆర్గ్‌లోకి వెళ్తే ఫైర్‌ఫాక్స్‌లోనూ వస్తోంది, కాబట్టి వేలాండ్ (ఎక్స్‌ఆర్గ్‌కి బదులు తెర మీద విండోలు చూపే వ్యవస్థ) తేడా కాదు.

ఇన్‌పుట్ పద్ధతి ఎంచుకునే ఐఎం-కాన్ఫిగ్‌లో ఐబస్ ఎంచుకుని లాగౌట్ అయ్యి వచ్చాను. ఏ ఇన్‌పుట్ పద్ధతి వాడాలో ప్రోగ్రాములకి చెప్పే జీటీకే, క్యూటీ ఐఎం మాడ్యూల్ వేరియబుల్స్ రెండూ ఐబస్ అనే చూపిస్తున్నాయి. ఐబస్ డీమన్‌ని (వెనక నడిచే ప్రోగ్రామ్) సెషన్ ఆటోస్టార్ట్‌లో పెట్టాను, నడుస్తోంది కూడా. కొత్త యూజర్‌తోనూ ఇదే వరస. ఉబుంటుతో వచ్చిన ఫైర్‌ఫాక్స్ స్నాప్ ప్యాకేజీ (మిగతా సిస్టమ్‌కి విడిగా నడిచేది). మొజిల్లా సైట్ నుంచి తెచ్చిన టార్‌బాల్ (మామూలు ఆర్కైవ్) ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు వస్తోంది, అంటే తేడా స్నాప్ దగ్గరే. ఎక్స్‌కేబీ (సిస్టమ్ కీబోర్డ్ లేఅవుట్లు) తెలుగు లేఅవుట్ పెట్టుకోమనకండి, అందులో ఆర్‌టీఎస్ కుదరదు.

స్నాప్ ప్రోగ్రాములని ఐబస్‌తో కలిపే ఐబస్ పోర్టల్ మీద అనుమానం ఉంది. నడిచే ప్రాసెస్‌లని వెతికే పీగ్రెప్ ఆదేశంతో చూస్తే గ్నోమ్‌లో ఆ ప్రాసెస్ కనిపిస్తోంది, ఎక్స్‌ఎఫ్‌సీఈలో లేదు.

స్నాప్ ఫైర్‌ఫాక్స్‌నే ఉంచుకుని, ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్‌లో ఐబస్ పోర్టల్ లేచేలా చేయాలంటే ఏ సెట్టింగ్ మార్చాలి?